జాంగో చేతిలో తుపాకీ, జేబులో కాగితం

తెలుగునాట ఫిల్మ్ సొసైటీలనూ కాలేజీ ఫిల్మ్ క్లబ్బులనూ నడుపుతున్నవారికి బహిరంగ లేఖ

క్వెంటిన్ టరంటినో రాసి తీసిన ‘జాంగో అన్‌చెయిన్డ్’ 2012 డిసెంబరు 25న అమెరికాలో విడుదలైంది. నిడివి 165 నిమిషాలు. ప్రపంచమంతటా కలిపి 42 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. టరంటినో సినిమాల్లో అంత సొమ్ము మరేదీ తేలేదు. ఆ ఏటి ఆస్కార్లలో ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే అవార్డు టరంటినోకు, ఉత్తమ సహాయ నటుడి అవార్డు క్రిస్టోఫ్ వాల్ట్జ్‌కు దక్కాయి. బానిసగా అమ్ముడుపోయిన నల్లవాడొకడు తుపాకీ పట్టడం నేర్చుకుని, విడిగా అమ్ముడుపోయిన భార్యను వెతికి తెచ్చుకుని, ఆమెను పెట్టిన ఇంటిని పేల్చేయడం ఇందులో కథ. ఒక్క వాక్యంలో చెప్పుకోగలిగిన ఈ పగ కథకు అంత ఆకర్షణ ఎక్కడిది? ప్రదర్శన తరవాత చర్చల్లో నెత్తురు గురించీ, సంగీతం గురించీ, సంభాషణల పదును గురించీ మాటలు నడుస్తాయి. సినిమాను అడుగడుగునా మోసే కాగితాల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ సినిమా బానిసత్వాన్ని ఒక వ్యాపారంగా, దస్తావేజులతో రశీదులతో నడిచే వ్యవహారంగా చూపిస్తుంది. పగ అంతగా రుచించడానికి అసలు కారణం అదే.

కథ 1858లో, టెక్సాస్‌లో ఒక చలి రాత్రి మొదలవుతుంది. కాళ్లకు గొలుసులతో అడవి దారిన నడిపించుకుపోతున్న బానిసల వరసకు పళ్ల వైద్యుడి బండి ఒకటి ఎదురొస్తుంది. బండి పైకప్పు మీద స్ప్రింగుకు తగిలించిన పెద్ద దంతం అటూ ఇటూ ఊగుతుంటుంది. అందులోంచి దిగిన జర్మన్, డాక్టర్ కింగ్ షుల్ట్జ్, వైద్యం ఏనాడో వదిలేసినవాడు. ప్రభుత్వం తలకు వెల కట్టిన నేరస్థులను చంపి, శవాలు అప్పజెప్పి, సొమ్ము తీసుకోవడం ఇప్పుడతని వృత్తి. అతను వెతుకుతున్న ముగ్గురు అన్నదమ్ముల ముఖాలు తెలిసినవాడు ఆ వరసలో ఒక్క జాంగోనే. బేరం బెడిసికొడుతుంది. బానిసలను తోలుకెళ్తున్న ఇద్దరిలో ఒకణ్ణి షుల్ట్జ్ కాల్చేస్తాడు, రెండోవాడు చచ్చిన గుర్రం కింద ఇరుక్కుంటాడు. అలా కాలు నలిగి అరుస్తున్నవాడికి షుల్ట్జ్ జాంగో ధర లెక్కపెట్టి ఇస్తాడు, అమ్మకం పత్రం రాయించుకుంటాడు. హత్య జరిగిన చోట రశీదు అడిగే ఈ మనిషిని చూసి హాలు నవ్వుతుంది. ఆ నవ్వులోనే సినిమా తన పద్ధతి చెప్పేసింది: మనిషి మీద హక్కు ఇక్కడ కాగితంలో ఉంటుంది, కాగితం లేకపోతే తుపాకీ ఉన్నా లాభం లేదు.

అక్కణ్ణుంచి కాగితాలు కథను నడిపిస్తాయి. షుల్ట్జ్ చంపిన ప్రతిసారీ జేబులోంచి కోర్టు వారంటు తీసి చూపిస్తాడు. మనుషుల శరీరాలు డబ్బుగా మారే విషయంలో తన వృత్తికీ బానిస వ్యాపారానికీ తేడా లేదని అతనే జాంగోకు చెబుతాడు. ఆ తరవాతి సన్నివేశం ఈ సినిమా మొత్తానికి ఇరుసు. కొండ మీద ఇద్దరూ పొంచి ఉంటారు. కింద పొలంలో ఒకడు దున్నుకుంటున్నాడు, పక్కన అతని కొడుకు. జాంగో తుపాకీ ఎక్కుపెట్టి ఆగిపోతాడు. కొడుకు చూస్తుండగా తండ్రిని చంపడానికి చెయ్యి రాదు. షుల్ట్జ్ వాంటెడ్ నోటీసు చేతికిచ్చి పైకి చదవమంటాడు. స్మిటీ బకాల్, దారిదోపిడీలు, హత్యలు, తలకు 7,000 డాలర్లు. జాంగో కూడబలుక్కుంటూ చదువుతాడు, కాలుస్తాడు. మొదటి వేట కాగితం శుభమని, దాచుకోమని షుల్ట్జ్ చెబుతాడు. చివరికి జాంగోను గని కూలికి పంపేస్తున్నప్పుడు కాపలావాళ్ల చేతిలో అతను పెట్టేది ఆ పాత నోటీసే. వాళ్లు దాన్ని నమ్మి సంకెళ్లు విప్పుతారు. వాళ్లలో ఒకడిగా నటించింది స్వయంగా టరంటినో.

చదవడం అనే ఆ చిన్న పని వెనక ఉన్న చరిత్ర ప్రేక్షకుడికి తెలిస్తే సన్నివేశం బరువు మారిపోతుంది. 1831 ఆగస్టులో వర్జీనియాలోని సౌతాంప్టన్ కౌంటీలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటులో సుమారు 55 మంది తెల్లవారు చనిపోయారు. టర్నర్ చదువొచ్చినవాడు, బోధకుడు. ఆ నవంబరులో అతన్ని ఉరితీశారు. దక్షిణాది రాష్ట్రాలు బానిసలకు చదువు చెప్పడం మీద ఆంక్షలను ఆ తరవాత మరింత బిగించాయి. జాంగో చేతిలో తుపాకీ చూసి ఊళ్లో తెల్లవాళ్లు నోళ్లు వెళ్లబెడతారు. ఆ నోటీసులో అక్షరాలను అతను చదవగలగడం వాళ్లకు తుపాకీకి ఏమాత్రం తక్కువ భయం కాదు.

కథలో రెండో సగం మిసిసిపీలోని క్యాండీలాండ్ అనే తోటలో నడుస్తుంది. యజమాని క్యాల్విన్ క్యాండీగా లియొనార్డో డికాప్రియో, అతని ఇంటిని తన గుప్పిట్లో పెట్టుకున్న ముసలి బానిస స్టీఫెన్‌గా శామ్యూల్ ఎల్. జాక్సన్, జాంగో భార్య బ్రూమ్‌హిల్డాగా కెర్రీ వాషింగ్టన్ నటించారు. జాంగో పాత్ర జేమీ ఫాక్స్‌ది. బ్రూమ్‌హిల్డాను నేరుగా కొనడానికి వెళ్తే క్యాండీ కన్నెత్తి చూడడని, కుస్తీ బానిసను 12,000 డాలర్లకు కొనే నెపంతో ఇద్దరూ వస్తారు. ఆమెకు చెప్పిన ధర 300. నాటకాన్ని స్టీఫెన్ పట్టేస్తాడు. అంతే, 12,000 ఆమె ధర అయిపోతుంది. ఒకే మనిషి, ఒకే పూట, రెండు ధరలు.

ఆ పూట భోజనం బల్ల దగ్గర క్యాండీ ఒక పుర్రె తెప్పిస్తాడు. తన తండ్రికీ తాతకూ సేవ చేసిన ముసలి బానిసది. దాన్ని రంపంతో కోసి, లోపల మూడు గుంటలు చూపించి, నల్లవారికి లొంగుబాటు పుట్టుకతోనే ఉంటుందని శాస్త్రం చెబుతున్నట్టు ఉపన్యసిస్తాడు. పుర్రె ఆకారాన్ని బట్టి గుణాలు చెప్పే ఫ్రెనాలజీ పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో చదువుకున్నవాళ్లు సైతం నమ్మిన కుహనా శాస్త్రం. ఆ సన్నివేశం తీస్తుండగా డికాప్రియో అరచెయ్యి బల్లకేసి కొట్టినప్పుడు గాజు గ్లాసు పగిలి నిజంగానే తెగింది. నెత్తురు కారుతున్నా అతను ఆపలేదు. సినిమాలో ఉన్నది ఆ టేకే. తరవాత లైబ్రరీలో లెక్కలు తేలతాయి. లాయరు సమక్షంలో డబ్బు లెక్కపెడతారు, క్యాండీ సంతకం పెడతాడు, బ్రూమ్‌హిల్డా విడుదల పత్రం షుల్ట్జ్ చేతికొస్తుంది. అతిథులకు తెల్ల కేకు ముక్కలు అందిస్తారు. పక్కన ఒకామె హార్ప్ మీద బేతోవెన్ వాయిస్తుంటుంది. షుల్ట్జ్ కళ్ల ముందు మాత్రం ఆ ఉదయం కుక్కలు చీల్చేసిన బానిస మెదులుతుంటాడు. ఆ బానిసకు క్యాండీ పెట్టిన పేరు డార్టాన్యన్, ‘త్రీ మస్కటీర్స్’ నవలా నాయకుడి పేరు. ఆ నవల రాసిన అలెగ్జాండర్ డ్యూమా నల్లవాడని షుల్ట్జ్ క్యాండీకి చెబుతాడు. అది చారిత్రక సత్యం. డ్యూమా నాయనమ్మ ఇప్పటి హైతీలో బానిస.

కాగితం చేతికొచ్చింది, ఇక బయటికి నడవడమే మిగిలింది. క్యాండీ కరచాలనం కావాలంటాడు, అది లేనిదే బేరం పూర్తికాదంటాడు. సినిమా అంతా చట్టం చాటున చంపుతూ వచ్చిన షుల్ట్జ్ ఆ చెయ్యి కలపలేకపోతాడు. చొక్కా చేతిలో దాచిన చిన్న తుపాకీతో క్యాండీని కాల్చేస్తాడు, తనూ చస్తాడు. జాంగో, బ్రూమ్‌హిల్డా మళ్లీ సంకెళ్లలో పడతారు. ఒక కరచాలనం కోసం ముగ్గురి ప్రాణాలూ పణంగా పెట్టడం తెలివితక్కువని ప్రేక్షకుల్లో సగం మంది అనుకుంటారు. మిగతా సగానికి అదే సినిమాలో అత్యుత్తమ క్షణం. ఈ లేఖ రెండో సగం పక్షాన ఉంది. బేరానికి చెయ్యి కలిపితే ఆ అమ్మకం న్యాయమని ఒప్పుకున్నట్టే. డబ్బు కట్టినవాడు, దస్తావేజు పుచ్చుకున్నవాడు అక్కడ మాత్రం ఆగిపోయాడు. ఆ తరవాత జాంగో తిరిగివచ్చి ఇల్లు పేల్చేసే ముందు షుల్ట్జ్ శవం దగ్గరికి వెళ్లి, జేబులోంచి భార్య విడుదల పత్రం తీసుకుంటాడు. అన్ని తూటాలు పేలాక కూడా ఆ కాగితం కావాలి. టరంటినోకు విమర్శకులు ఇచ్చినదానికన్నా ఎక్కువ మార్కులు పడాల్సింది ఇక్కడే.

నిజ చరిత్రలో కాగితం పట్టు ఇంకా గట్టిది. 1850 నాటి పరారీ బానిసల చట్టం ప్రకారం పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే కమిషనరుకు 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. తీర్పు చెప్పేవాడికి ఎటు మొగ్గితే లాభమో చట్టమే రాసిపెట్టింది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నల్లవారు ఆ దేశపు పౌరులు కాలేరని తీర్పిచ్చింది. సినిమా కథ ఆ మరుసటి ఏటిది. 1860 జనాభా లెక్కల్లో బానిసలు సుమారు 39 లక్షల 50 వేల మంది. మిసిసిపీలో 4,36,631 మంది, అంటే రాష్ట్ర జనాభాలో సగానికి మించి. అదే రాష్ట్రంలో స్వేచ్ఛ ఉన్న నల్లవారు 773 మంది మాత్రమే. గుర్రమెక్కి, తుపాకీ కట్టుకుని, తెల్లవాడి పక్కన సమానంగా ఊళ్లోకి రావడం అక్కడ ఎంత అసాధ్యమో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. జాంగో గుర్రం మీద కనిపించినప్పుడల్లా హాల్లో లేచే ఉత్సాహం గాలిలోంచి పుట్టినది కాదు.

విదేశాల నుంచి బానిసలను తేవడాన్ని అమెరికా 1808లో నిషేధించింది. కానీ దేశం లోపలి అమ్మకాలు ఆగలేదు. వర్జీనియా, మేరీల్యాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి మిసిసిపీ, లూసియానా, అలబామా పత్తి నేలలకు అంతర్యుద్ధం నాటికి పది లక్షల మంది దాకా తరలిపోయారు. కొందరిని యజమానులే వెంట తీసుకుపోయారు, ఎందరినో వర్తకులు కొని గొలుసుల్లో నడిపించారు. బానిసల పెళ్లికి చట్టంలో విలువ లేదు. భర్తను ఒకచోట, భార్యను ఇంకోచోట, పిల్లలను మరోచోట అమ్మేయడం మామూలు లావాదేవీ. యుద్ధం ముగిసి స్వేచ్ఛ వచ్చాక లక్షల మంది చేసిన మొదటి పని తమవాళ్లను వెతుక్కోవడం. నల్లవారి చర్చి పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి. న్యూ ఆర్లీన్స్ నుంచి వెలువడిన ‘సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్’ 1870ల చివర నుంచి ‘లాస్ట్ ఫ్రెండ్స్’ అనే శీర్షిక నడిపింది. తల్లి పేరు, పాత యజమాని పేరు, ఎవరు ఎవరికి అమ్మారో ఆ వివరం, ఆఖరుసారి చూసిన ఊరు, ఇంతే ఉండేవి వాటిలో. పాస్టర్లు వాటిని ఆదివారం ప్రార్థనలో చదివి వినిపించాలని పత్రిక కోరేది. ఇరవై ముప్పై ఏళ్ల కిందట అమ్ముడుపోయిన బిడ్డ కోసం ప్రకటన ఇచ్చిన తల్లులున్నారు. జాంగో తిరిగే టెక్సాస్, టెనసీ, మిసిసిపీ ఆ శీర్షిక చేరిన ప్రాంతాలే. ప్రకటనలిచ్చినవాళ్లలో ఎక్కువ మందికి వాళ్ల మనిషి దొరకలేదు. సినిమాలో దొరికింది. టరంటినో కల్పన అంతమందికి సూటిగా తగలడానికి పగ కన్నా ముందు ఈ వెతుకులాట కారణం.

ఆ మనుషుల ధరలన్నిటి అడుగున ఉన్నది పత్తి. 1860 నాటికి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. ఇంగ్లండు మిల్లులు వాడే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అక్కణ్ణుంచే వచ్చేది. టరంటినో ఈ సంగతిని మాటల్లో ఎక్కడా చెప్పడు, ఒక్క షాట్‌లో పెట్టాడు. గుర్రం మీద పారిపోతున్న తోట కాపలాదారును షుల్ట్జ్ దూరం నుంచి కాలుస్తాడు. కెమెరా మనిషి మీద ఉండదు. విచ్చుకున్న పత్తి కాయల దగ్గరగా ఉంటుంది. తెల్లటి దూది మీదికి ఎర్రగా చిందుతుంది. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ రిచర్డ్‌సన్ పనితనం ఎరిగినవాళ్లు ఈ షాట్‌ను అందం కోసం గుర్తుపెట్టుకుంటారు. ఆ దూది ఎవరి చేతులతో తీసిందో కూడా అదే షాట్‌లో ఉంది. అంతర్యుద్ధంలో ఆ పత్తి ఆగిపోయినప్పుడు ఇంగ్లండు మిల్లులు భారతదేశం వైపు తిరిగాయి. కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి పుంజుకున్నది ఆ రోజుల్లోనే. మిసిసిపీ తోటలకూ గోదావరి జిల్లాకూ మధ్య నిజంగా ఉన్న సంబంధం ఇది.

చరిత్రను ఈ సినిమా వంచిన చోట్లు కూడా ప్రేక్షకులకు చెప్పాలి. మొదటి టైటిల్ 1858ని అంతర్యుద్ధానికి రెండేళ్ల ముందంటుంది. యుద్ధం మొదలైంది 1861లో. నోబెల్ డైనమైట్‌కు పేటెంటు తీసుకున్నది 1867లో, జాంగో దాన్ని అంతకు ఏళ్ల ముందే పేల్చేస్తాడు. ముఖాలకు సంచులు తొడుక్కుని రాత్రిపూట దాడికి వచ్చే తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్‌ను గుర్తుచేస్తుంది. క్లాన్ పుట్టింది యుద్ధం అయ్యాక. ఇవి చిన్నవి. పెద్దది బానిసల చావు కుస్తీ. ఇద్దరు బానిసలను ఒకరినొకరు చంపుకునేదాకా పోట్లాడించి యజమానులు పందేలు కాసే ‘మాండింగో’ పోటీలకు చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఆ ఊహ 1957లో వచ్చిన ఒక నవల నుంచి, దాని మీద తీసిన 1975 నాటి సినిమా నుంచి వచ్చింది. దీనికి జవాబు కూడా వ్యాపారంలోనే ఉంది. 1850ల చివర న్యూ ఆర్లీన్స్‌లో వయసులో ఉన్న పొలం బానిస ధర 1,500 డాలర్లు దాటింది. అంత సొమ్మును ఒక సాయంకాలపు వినోదానికి యజమాని చంపుకోడు. మనుషులను కుక్కలతో వేటాడించడం, పారిపోయి దొరికినవాళ్ల ముఖం మీద వాత పెట్టడం మాత్రం నిజాలు. జాంగో చెంప మీది చిన్న అక్షరం అలాంటి వాతే.

ఇటాలియన్ వెస్టర్న్ సినిమాల సంగతి కొద్దిలో చెప్పుకోవచ్చు. సెర్జియో కోర్బూచీ 1966లో తీసిన ‘జాంగో’లో శవపేటిక ఈడ్చుకొచ్చే హీరోగా నటించిన ఫ్రాంకో నీరో ఇక్కడ మద్యం బల్ల దగ్గర ఒక్క సన్నివేశంలో కనిపిస్తాడు. లూయిస్ బకాలోవ్ కట్టిన పాత టైటిల్ పాటే కొత్త సినిమాకూ మొదటి పాట. పాత సినిమాలోనూ ఎర్ర ముసుగుల జాత్యహంకార ముఠా ఉంది. కాబట్టి వెస్టర్న్‌నూ బానిసత్వాన్నీ కలిపిన ఈ జోడింపు ఊరికే పుట్టింది కాదు. హాలీవుడ్ మాత్రం అప్పటిదాకా దక్షిణాది తోటను ఎక్కువగా వరండాలోంచి చూపించింది. 1915లో ‘బర్త్ ఆఫ్ ఎ నేషన్’ క్లాన్‌ను వీరులుగా నిలబెట్టింది. 1939లో ‘గాన్ విత్ ద విండ్’ యజమానుల ఇంటిని పోయిన స్వర్గంలా చూపింది. అందులో దాదిగా నటించిన హాటీ మెక్‌డేనియల్ ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి. ఆ రాత్రి ఆమెను తోటి నటులతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అదే రకం తెల్ల స్తంభాల ఇంటిని టరంటినో సినిమా చివర పేల్చేస్తుంటే, అమెరికాలో నల్లజాతి ప్రేక్షకులు క్యాండీ ఇంటితో పాటు వంద సినిమాల వరండాలు కూలడం చూశారు.

ఇక హింస. ఈ సినిమాలో అది రెండు రకాలు. జాంగో, షుల్ట్జ్ చేసే హింసలో నెత్తురు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది, మనుషులు వెనక్కి ఎగిరిపడతారు, పాట మోగుతుంది. బానిసల మీద జరిగే హింసలో పాట ఆగిపోతుంది, అరుపు వినిపిస్తుంది, కెమెరా కొన్నిసార్లు చూసేవాళ్ల ముఖాల మీదికి మళ్లుతుంది. మొదటిది ఆనందించడానికి, రెండోది భరించడానికి. ఈ కొలత యాదృచ్ఛికం కాదు. ముందు వేసిన ప్రదర్శనల్లో కుక్కల సన్నివేశం, కుస్తీ సన్నివేశం ఎక్కువై, ప్రేక్షకులు చివర్లో చప్పట్లు కొట్టే స్థితిలో లేకపోతే వాటిని తగ్గించానని టరంటినో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అంటే బాధను తూకం వేసి, పగ తీరినప్పుడు సంతోషం కలిగేంతే ఉంచాడు. ఈ తూకమే సినిమా బలం. నిజమైన అభ్యంతరాలకు చోటిచ్చేది కూడా ఇదే. దర్శకుడు స్పైక్ లీ ఈ సినిమా చూడనే చూడనన్నాడు, తన పూర్వికులకు ఇది అగౌరవమన్నాడు. నల్లవారిని హీనపరిచే తిట్టు ఇందులో వందసార్లకు పైగా వినిపించడం మీద పెద్ద వాదమే నడిచింది. పాత్రల బొమ్మలను ఆటవస్తువులుగా అమ్మకానికి పెడితే నిరసనలు లేచి 2013 జనవరిలో వాటిని ఆపేశారు. మనుషులను అమ్మిన చరిత్ర మీద తీసిన సినిమాకు ఆ మనుషుల బొమ్మలు అమ్మాలని ఎలా తోచిందో ఊహకు అందదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. క్యాండీ పుర్రె పట్టుకుని అడిగే ప్రశ్న: ఇంతమంది ఉండి వీళ్లు మమ్మల్ని ఎందుకు చంపలేదు? సినిమా దానికి జాంగోను చూపిస్తుంది, పదివేలలో ఒక్కడు. మిగతా బానిసలు పంజరపు బండిలోంచి, వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోతారు. బ్రూమ్‌హిల్డా అయితే కొరడా దెబ్బలు తింటుంది, ఇనుప పెట్టెలో ఎండకు మాడుతుంది, స్పృహ తప్పుతుంది, రక్షణ పొందుతుంది. పారిపోవడానికి తెగించిన మనిషి ఆమె, ఆ పెట్టెలో పడ్డదే అందుకు. ఆ తెగింపును సినిమా ఒక వాక్యంలో దాటేసింది. కెర్రీ వాషింగ్టన్ లాంటి నటి చేతిలో ఉండగా అలా వదిలేయడం పెద్ద లోపం. క్యాండీ ప్రశ్నకు చరిత్ర ఇచ్చే జవాబు ఈ సినిమా తీసిన నేల మీదే ఉంది. తోట సన్నివేశాల్లో కొన్ని లూసియానాలోని ఎవర్‌గ్రీన్ ప్లాంటేషన్‌లో తీశారు. అక్కడ బానిసల గుడిసెలు 22 ఇప్పటికీ రెండు వరసల్లో నిలిచి ఉన్నాయి. ఆ పక్కనే మిసిసిపీ నది. 1811 జనవరిలో ఆ ప్రాంతంలోనే, నదికి ఆవలి ఒడ్డున చార్ల్స్ డెలాండ్ నాయకత్వంలో వందల మంది బానిసలు చెరుకు తోటల కత్తులూ గొడ్డళ్లూ పట్టి న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. మిలీషియా, సైన్యం వాళ్లను రెండు మూడు రోజుల్లో అణచివేశాయి. చంపినవాళ్ల తలలు నరికి నది గట్టు పొడవునా గుంజల మీద పెట్టారు. వాళ్లు తిరగబడ్డారు, మళ్లీ మళ్లీ తిరగబడ్డారు. ఎదురుగా గస్తీ దళాలు, మిలీషియాలు, కోర్టులు, ఉరికొయ్యలు ఉన్నాయి. జాంగో కథలో ఆ యంత్రాంగం ఎక్కడా పూర్తిగా కనిపించదు. క్యాండీలాండ్ పేలిన మర్నాడు చుట్టుపక్కల తోటల్లో బానిసలకు ఏం జరిగి ఉండేదో 1831 చెబుతుంది: టర్నర్ తిరుగుబాటు తరవాత దానితో సంబంధమే లేని నల్లవారిని ఎందరినో గుంపులు చంపేశాయి.

స్టీఫెన్ పాత్ర మీద కూడా రెండు వాదాలున్నాయి. యజమానికన్నా క్రూరుడైన బానిసను అసలు విలన్‌గా పెట్టడం నేరాన్ని తెల్లవారి మీద నుంచి తప్పించడమని ఒక వాదం. జాక్సన్ నటన చూస్తే అంత తేలిగ్గా ఒప్పుకోలేం. అందరి ముందు నడుం వంచి నడుస్తూ నసపెట్టే స్టీఫెన్, లైబ్రరీలో క్యాండీ ఒక్కడే ఉన్నప్పుడు కుర్చీలో వాలి బ్రాందీ గ్లాసు పట్టుకుని హుకుం జారీచేస్తాడు. క్యాండీ చెక్కుల మీద సంతకం పెట్టేదీ అతనే. ఒక మనిషి తన వయసంతా పోసి సంపాదించిన ఆ రెండడుగుల అధికారం కోసం తనవాళ్లందరినీ తాకట్టు పెట్టాడు. అలాంటి స్థానాన్ని తయారుచేసి ఇచ్చిందే ఆ వ్యవస్థ. క్యాండీ కన్నా స్టీఫెనే ఎక్కువ కాలం గుర్తుండిపోతాడు.

తెలుగునాట ఈ సినిమా పక్కన పెట్టి చూడదగిన సినిమా ఒకటి ఉంది. శ్యామ్ బెనెగల్ 1975లో తీసిన ‘నిశాంత్’, తెలంగాణ దొరల కాలం కథ. అక్కడా ఒకడి భార్యను దొర తమ్ముళ్లు ఎత్తుకుపోతారు. బడిపంతులైన భర్త పోలీసు, కలెక్టరు, లాయరు, అందరి గుమ్మాలూ తొక్కుతాడు. ఏ కాగితమూ అతని పక్షాన పనిచేయదు. చివరికి ఊరు ఊరంతా లేచి గడీ మీద పడుతుంది, ఆ కోపంలో నేరం చేయనివాళ్లు కూడా చనిపోతారు. అతని భార్య కూడా. దొరల వెట్టి, అమెరికా బానిసత్వం ఒకటి కావు. మనిషిని దస్తావేజు రాసి అమ్మి, అతని బిడ్డ మీద కూడా పుట్టగానే హక్కు రాసుకున్న వ్యవస్థ అమెరికాది. పోలిక వ్యవస్థల మధ్య కాదు, పగల మధ్య. జాంగో ఒంటరి పగ తూటాకు ఒకణ్ణి చొప్పున, దోషులను మాత్రమే ఏరి తీస్తుంది. బెనెగల్ ఊరి పగకు ఆ తీరిక లేదు. రెండూ చూసిన ప్రేక్షకుడికి టరంటినో ఎంచుకున్న సుఖం ఏమిటో, దాచింది ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

కాబట్టి సొసైటీలు ఈ సినిమా వేయాలి, కోతలు లేకుండా, పెద్దలకు మాత్రమే వేయాలి. విశ్రాంతి తప్పనిసరైతే ఇద్దరూ క్యాండీలాండ్‌కు బయలుదేరే ముందు ఇవ్వడం మంచిది, కుక్కల సన్నివేశం నుంచి చివరిదాకా తెగకూడదు. సబ్‌టైటిళ్లలో ఆ తిట్టును మెత్తబరచకూడదు. ఆ తిట్టు చరిత్ర ఏమిటో ముందే రెండు ముక్కల్లో చెబితే చాలు, లేదంటే కుర్రాళ్లు దాన్ని పంచ్ డైలాగుగా ఇంటికి తీసుకుపోతారు. ఆ వెంటనే మరో వారం స్టీవ్ మెక్వీన్ 2013లో తీసిన ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’ వేయాలి. స్వేచ్ఛగా పుట్టి, 1841లో అపహరణకు గురై, లూసియానా తోటల్లో పన్నెండేళ్లు బానిసగా గడిపిన సాలమన్ నార్తప్ 1853లో రాసిన ఆత్మకథ దానికి ఆధారం. అక్కడ పగ లేదు. అతన్ని విడిపించింది ఉత్తరాలు, న్యూయార్క్ చట్టం, తానెవరో రుజువు చేసే కాగితాలు. అమ్మినవాళ్ల మీద వేసిన కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. రెండు ప్రదర్శనల మధ్య వారంలో నోటీసు బోర్డు మీద ‘లాస్ట్ ఫ్రెండ్స్’ ప్రకటనలు అయిదారు తెలుగులోకి అనువదించి పెట్టవచ్చు. న్యూ ఆర్లీన్స్‌లోని ఒక చరిత్ర పరిశోధన సంస్థ వాటిని వేల సంఖ్యలో సేకరించి అందరికీ అందుబాటులో ఉంచింది. అనువాదానికి ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న విద్యార్థులు చాలు, ఒక్కొక్కటి పది పన్నెండు వాక్యాలకు మించదు.